వరసతో మాత్రమే పిలవవలెను

ఆ ఉత్తర్వులో అక్షరదోషం ఒక్కటి కూడా లేదు. తర్వాత జరిగిన గొడవంతా అందువల్లే జరిగింది.

ఉత్తర్వు హైదరాబాదులో పుట్టి కాకినాడ చేరింది. కాకినాడలో చంద్రహాస వైద్య పరిశోధనా కేంద్రం అని ఒకటుంది. రక్తపోటుకి కొత్తగా కనిపెట్టిన ఒక బిళ్ళని అక్కడ అరవై మంది మీద పరీక్షిస్తున్నారు. అరవై మందీ తెలిసి ఒప్పుకున్నవాళ్ళే. బిళ్ళ కూడా మంచిదే. కాకపోతే కొందరికి ఒంట్లో పొటాషియం పెంచుతుంది. పొటాషియం హద్దు దాటితే గుండె ఆగిపోతుంది. ముందు కబురు పెట్టి ఆగదు. అందుకని వారం వారం రక్తం తీసి చూడాలి. పెరిగినట్టు తేలితే ఆ మనిషిని ఆ పూటే ఆసుపత్రికి రప్పించి, బిళ్ళ మాన్పించి, వైద్యం చెయ్యాలి.

రప్పించే పని హైమవతిది. ఆమె ఉద్యోగం పేరు స్టడీ కోఆర్డినేటర్. అంటే సంతకం తప్ప మిగతా పనంతా చేసే మనిషి అని అర్థం. సంతకం మటుకు పెద్ద డాక్టరు పేరిశాస్త్రిగారు పెడతారు.

ఉత్తర్వు పంపినాయన పేరు త్రిలోచనరావు. ఆ బిళ్ళ తయారుచేసిన మందు కంపెనీలో సమాచార భద్రతాధికారి. రోగుల పేర్లు బయటికి పొక్కకూడదన్నది ఆయన పట్టుదల. అందులో తప్పేమీ లేదు. ఎవరికే రోగముందో ఊరంతా చెప్పుకోవడం ఎవరికి మాత్రం ఇష్టం? అయితే త్రిలోచనరావు ఏ పనీ సగంలో వదిలే మనిషి కాడు. రోగి పేరు ఎవరికీ తెలియకూడదు, వీలైతే రోగికి కూడా తెలియకూడదు అన్నంత దూరం వెళ్ళిన మనిషి. ఆయన ఉత్తర్వు ఇలా ఉంది:

“సమాచార గోప్యతా పరిరక్షణార్థం, పరిశోధనలో పాల్గొను వ్యక్తులను ఇకమీదట పేరుతో సంబోధించరాదు. వరసతో మాత్రమే పిలవవలెను. కంప్యూటరునందును, రక్తపు గొట్టముల చీటీలపైనను వరస మాత్రమే కనబడవలెను. ఉల్లంఘించినవారిపై కఠిన చర్య గైకొనబడును.”

హైదరాబాదు ఆఫీసులో వరస అంటే వరస సంఖ్య. ఒకటి, రెండు, మూడు. కాకినాడలో వరస అంటే వరస.

హైమవతి దాన్ని రెండుసార్లు చదివి పేరిశాస్త్రిగారి గదిలోకి పట్టుకెళ్ళింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివారు. ఇంకోసారి చదివారు. ఆయన మొహంలో చాలాకాలానికి కంపెనీ మీద గౌరవం కనిపించింది.

“పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవొద్దంటున్నాడమ్మా. వరస పెట్టి పిలవమంటున్నాడు. ఇన్నాళ్ళకి ఆ కంపెనీలో మర్యాద తెలిసినవాడొకడు చేరాడు,” అన్నారు.

“చీటీల మీద కూడా అదే రాయమంటున్నారండి.”

“రాయమన్నాక రాయాలి. ఉత్తర్వు కదా.”

హైమవతి రాసింది. తన తండ్రి కంటే పెద్దవాళ్ళని పెదనాన్న అని, చిన్నవాళ్ళని బాబాయ్ అని, ఆడవాళ్ళని అత్తయ్య, పిన్ని, వదిన అని, బొత్తిగా పండు ముసలి అయిన ఇద్దరిని తాతగారు అని రాసింది. బాబాయిలు పదకొండు మంది తేలారు. అందరూ ఒకేరోజు వస్తే కుర్చీలు చాలవు కాబట్టి రోజులు కూడా వరసల వారీగానే పంచింది. సోమవారం పెదనాన్నలు, మంగళవారం బాబాయిలు, బుధవారం అత్తయ్యలు. చీటీ మీద గీతల గుర్తు ఒకటుంటుంది. దాన్ని కంప్యూటరుకి చూపిస్తే అసలు మనిషి వివరాలు వస్తాయి. అందువల్ల రక్తాలు కలిసిపోతాయన్న భయం లేదు.

ఆ తర్వాత పరిశోధన బ్రహ్మాండంగా సాగింది. అంతకుముందు ఫోను చేసి బతిమాలినా రానివాళ్ళు ఇప్పుడు చెప్పిన రోజున తెల్లారేసరికి వచ్చి కూర్చునేవారు. “పెదనాన్నా, బిళ్ళ వేసుకున్నారా?” అని అడిగితే వేసుకోలేదని నిజం చెప్పలేక, వేసుకున్నామని అబద్ధం చెప్పడానికి మనసొప్పక, నిజంగానే వేసుకోవడం మొదలుపెట్టారు. జగన్నాథపురంలో పడవలు చేసే నూకరాజు అని ఒక బాబాయ్ ఉన్నాడు. ఆయన ప్రతి మంగళవారం జామకాయలో ములక్కాడలో ఏవో ఒకటి పట్టుకొచ్చేవాడు. రోగుల దగ్గర ఏమీ తీసుకోకూడదని హైమవతి అంటే, “కూతురి దగ్గరికి ఒట్టి చేతుల్తో రాకూడదమ్మాయ్. అది మా రూలు,” అనేవాడు.

దేశంలో ఇదే బిళ్ళని పరీక్షిస్తున్న కేంద్రాలు ఇంకా చాలా ఉన్నాయి. అన్నిచోట్లా రోగులు సగంలో మానేస్తున్నారు. కాకినాడలో ఒక్కరు కూడా మానలేదు. లెక్కలు ఇంత శుభ్రంగా ఉన్నాయంటే ఎక్కడో మోసం ఉండాలని హైదరాబాదులో అందరూ ఏకాభిప్రాయానికి వచ్చారు. తనిఖీకి స్వయంగా త్రిలోచనరావే బయల్దేరాడు.

ఆయన సన్నగా, పొడుగ్గా, చేతిసంచీకి కూడా తాళం వేసుకుని వచ్చాడు. కాఫీలో పంచదార వెయ్యమంటారా అని అడిగితే అది వ్యక్తిగత సమాచారం అన్నాడు. కంప్యూటరు ముందు కూర్చుని, తెరకి చెయ్యి అడ్డం పెట్టుకుని, మొదటి పేరు ఉండవలసిన చోట చూశాడు. బాబాయ్ అని ఉంది. కింద చూశాడు. అత్తయ్య. దాని కింద ఇంకో బాబాయ్. అరవయ్యో గడి దాకా దిగి, అక్కడ ఒక తాతగారిని చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“శ్రీమతి హైమవతిగారూ, ఈ అరవై మందీ మీకు బంధువులా?”

హైమవతి ఉత్తర్వు తీసి చూపించింది. ఆయన తన ఉత్తర్వు తాను చదువుకున్నాడు. అందులో తప్పు దొరకలేదు. తప్పు లేని ఉత్తర్వు వల్ల తప్పు జరిగిందంటే, అమలు చేసినవాళ్ళదే తప్పై ఉండాలి.

“పరిశోధనా సిబ్బందికి బంధువులైనవారు పరిశోధనలో పాల్గొనరాదని నిబంధన. మీరు ఎరుగుదురు కదా?”

“ఎరుగుదునండి. కానీ వీళ్ళు నిజం బంధువులు కారండి. వరసకి బాబాయిలు.”

“వారిని మీరు బాబాయ్ అని పిలుస్తున్నారు.”

“ఆయ్.”

“వారు పలుకుతున్నారు.”

“పలక్కపోతే ఎలాగండీ?”

“మీరు పిలిచితిరి. వారు పలికిరి. కంప్యూటరులో నమోదయ్యెను. బంధుత్వానికి ఇంకేమి కావలెను?”

ఆయనకి కోపం వచ్చినప్పుడు భాష ఉత్తర్వుల్లోకి జారిపోయేది. ఆ ప్రశ్నకి ఆమె దగ్గరే కాదు, గోదావరి జిల్లాల్లో ఎవరి దగ్గరా సమాధానం లేదు.

అదే సమయానికి వరండాలోంచి ఎవరో “సిస్టర్” అని కేకేశారు. ముగ్గురు నర్సులు ఒకేసారి తల తిప్పారు. త్రిలోచనరావు కలం తీసి, ఈ కేంద్రంలో నర్సులందరూ తోబుట్టువులు అని రాసుకున్నాడు.

సాయంత్రానికి పరిశోధన సమాచారం మొత్తానికి తాళం పడింది. కంప్యూటరు రహస్య పదాలన్నీ మారిపోయాయి. హైమవతి ఫోనులో ఉన్న రోగుల నంబర్లు ఆయనే దగ్గరుండి చెరిపించాడు. ఆమె ఇకమీదట ఏ రోగితోనైనా మాట్లాడాలంటే ఆయన సమక్షంలోనే మాట్లాడాలి. మరి వారం వారం రక్తపరీక్షల సంగతేమిటని పేరిశాస్త్రిగారు అడిగారు. అవి రోగి ప్రాణానికి సంబంధించినవని నొక్కి చెప్పారు. త్రిలోచనరావు ప్రాణం విలువ తెలియనివాడు కాదు. ఆలోచించి ఒక మధ్యేమార్గం చెప్పాడు.

“రక్తము తీయవచ్చును. ఎవరి రక్తమో తెలిసికొనరాదు.”

తాళం తీయాలంటే రోగులెవరూ హైమవతికి బంధువులు కారని రుజువు కావాలి. పేరిశాస్త్రిగారు తహసీల్దారు కార్యాలయానికి మనిషిని పంపించారు. అక్కడ ఫలానావారు ఫలానావారికి బంధువు అని ధ్రువపత్రం ఇస్తారు. బంధువు కారు అని ఇవ్వరు. అలా ఇవ్వడం మొదలుపెడితే ఊళ్ళో సగం మంది వచ్చి తోడల్లుళ్ళ మీద తీసుకుపోతారని గుమాస్తా చెప్పాడట. చివరికి త్రిలోచనరావే ఒక ప్రమాణపత్రం తయారుచేశాడు. అది స్టాంపు కాగితం మీద ఒక్కో రోగీ విడివిడిగా సంతకం పెట్టి ఇవ్వాలి.

“నేను శ్రీమతి హైమవతికి ఏమియు కానని, ఏనాడును కాలేదని, భవిష్యత్తులో కాబోనని ప్రమాణపూర్వకముగా తెలియజేయుచున్నాను.”

వరస ప్రకారం పిలిపించి సంతకాలు తీసుకున్నారు. ఆ వారం ఆసుపత్రి వరండా చావింటి అరుగులా ఉంది. ఒక అత్తయ్య కాగితం చదివించుకుని, ఇది పెట్టాక ఇంటికెళ్ళి తలస్నానం చెయ్యాలా అని అడిగింది. ఒక పెదనాన్న, ‘కాబోను’ అన్న ముక్క దగ్గర ఆగిపోయి, రేపు తన మనవడికి హైమవతి కూతుర్ని అడగాలని మనసులో ఉందని, ఆ ఒక్క మాటా కొట్టెయ్యమని పట్టుబట్టాడు. హైమవతి కూతురు నాలుగో తరగతి చదువుతోంది. ఆయన చేత సంతకం పెట్టించడానికి పేరిశాస్త్రిగారు చాలాసేపు కష్టపడాల్సి వచ్చింది.

నూకరాజు వంతు మంగళవారం వచ్చింది. రక్తం ఇచ్చాడు. కాగితం మీద సంతకం పెట్టాడు. తెచ్చిన జామకాయల సంచీ తిరిగి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. హైమవతి వైపు చూడలేదు. ఆమె పలకరిద్దామంటే పక్కన త్రిలోచనరావు ఉన్నాడు.

మర్నాడు ల్యాబ్ నుంచి ఫోనొచ్చింది. అక్కడ పనిచేసే సుధీర మామూలుగా గలగలా మాట్లాడే పిల్ల. ఇప్పుడు గొంతు తగ్గించి మాట్లాడింది.

“అక్కా, బాబాయ్‌కి పొటాషియం ఏడుకి దగ్గరపడింది. రెండుసార్లు చూశాను. యంత్రం తప్పు కాదు.”

హైమవతి కుర్చీలోంచి లేచింది. ఐదు దాటితేనే కంగారు పడాలి. ఏడంటే గుండె ఏ క్షణాన ఆగినా ఆశ్చర్యం లేదు.

“ఏ బాబాయ్?”

“చీటీ మీద బాబాయ్ అనే ఉందక్కా. పదకొండు గొట్టాల మీదా అదే ఉంది. గీతల గుర్తు చూపిస్తే కంప్యూటరు తాళం బొమ్మ చూపిస్తోంది.”

హైమవతి త్రిలోచనరావు గదికి పరిగెత్తింది. ఆయన విషయం శ్రద్ధగా విన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. వెంటనే తాళం తీద్దామనే అన్నాడు. కాకపోతే తాళం తీయడానికి ముగ్గురు సభ్యుల సంఘం అనుమతి ఇవ్వాలి. ఫోను మీద ఇవ్వవచ్చు. ముగ్గురూ ఫోన్ల దగ్గరే ఉన్నారు కూడా. అయితే ముందుగా వాళ్ళు రోగులతో తమకెలాంటి బంధుత్వమూ లేదని ప్రకటించాలి.

“ప్రకటించమనండి.”

“రోగులెవరో తెలియకుండా ఎట్లు ప్రకటింతురు?”

“అయితే పేర్లు చెప్పండి.”

“పేర్లు చెప్పవలెనన్న తాళము తీయవలెను.”

“తియ్యండి.”

“అనుమతి లేనిదే ఎట్లు తీయుదును?”

హైమవతి ఆయన మొహంలోకి చూసింది. ఆయన ఎగతాళి చెయ్యడం లేదు. నుదుటి మీద చెమట పట్టింది. తాళంచెవి గది లోపల పెట్టి తలుపేసుకున్న మనిషి కిటికీలోంచి చూస్తున్నట్టు చూస్తున్నాడు. పత్రికలో ప్రకటన వేద్దామా అని తనే అన్నాడు. బాబాయ్ అనబడు వ్యక్తి తక్షణం ఆసుపత్రికి రావలెను అని. మళ్ళీ తనే, అందువల్ల బంధుత్వం బహిరంగమవుతుందని మానుకున్నాడు.

ఆయన మానుకునేసరికి హైమవతి గదిలో లేదు.

ఆసుపత్రి గేటుకి ఎదురుగా పెసరట్ల బండి ఒకటుంది. నడిపేది వీరభద్రం. పదకొండు మందిలో ఆయనా ఒక బాబాయ్. హైమవతి రోడ్డు దాటి వెళ్ళి, ముందు ఆయన్ని కాళ్ళూ చేతులూ ఆడించి చూపించమంది. ఆయన అట్లకాడతో సహా ఆడించాడు. బాగానే ఉన్నాయి. అప్పుడు, బాబాయిలందరూ తనకి ఇప్పుడే కావాలని చెప్పింది. ఎందుకని ఆయన అడగలేదు. బండి మీద కాలుతున్న అట్టుని అలాగే వదిలేసి ఫోను తీశాడు.

సమాచారం ఎంత వేగంగా పొక్కగలదో వివరిస్తూ త్రిలోచనరావు అనేక వ్యాసాలు రాశాడు. కళ్ళారా చూడటం అదే మొదటిసారి. వీరభద్రం ఒకరికి చెప్పాడు. ఆయన ఇద్దరికి చెప్పాడు. బయల్దేరినప్పుడు హైమమ్మ పిలుస్తోంది అన్న మాట, సినిమా రోడ్డు చేరేసరికి హైమమ్మకి కష్టమొచ్చింది అయింది. పోర్టు దగ్గరికి వెళ్ళేసరికి హైదరాబాదు నుంచి ఎవడో వచ్చి హైమమ్మని ఏడిపిస్తున్నాడు అయింది. బాబాయిలు రావడం మొదలైంది. ఒకాయన ఆటోలో, ఒకాయన సైకిల్ మీద, ఒకాయన కొడుకు మోటారు సైకిల్ వెనక వచ్చారు. ఒకాయన ప్లీడరుని వెంటబెట్టుకొచ్చాడు. పోర్టులో పనిచేసే బాబాయ్ ఇనుప గొలుసొకటి పట్టుకొచ్చాడు. ఎందుకని అడిగితే ఊరికే, చేతిలో ఉంటుందని అన్నాడు.

ఏమీ కామని స్టాంపు కాగితం మీద రాసిచ్చినవాళ్ళంతా ఇలా పనులు మానుకుని రావడం త్రిలోచనరావు వరండాలోంచి చూశాడు. అనుమానం నిజమైందని చెప్పబోయాడు గాని, గొలుసు చూసి ఆగాడు.

సుధీర అందరికీ మళ్ళీ రక్తం తీసింది. హైమవతి ఆమె భుజం మీంచి తొంగిచూస్తూ నిలబడింది. ఒక్కొక్కటే బయటికొచ్చింది. నాలుగు. నాలుగున్నర. నాలుగు. వచ్చినవాళ్ళందరికీ బాగానే ఉంది. రానిది ఒక్కడే.

“నూకరాజు బాబాయ్ ఏడీ?”

వీరభద్రం ఇబ్బందిగా తల గోక్కున్నాడు. “కబురెట్టానమ్మా. రానన్నాడంట. అలిగాడు. ఆ కాయితం మీద సంతకం పెట్టొచ్చిన కాణ్ణించీ మంచం దిగట్లేదంట. పిలిచినా లేవట్లేదని ఆళ్ళావిడ మంగాయమ్మ చెప్పింది.”

పొటాషియం పెరిగితే ముందు కాళ్ళు పట్టు తప్పుతాయి. అలిగి లేవనివాడికీ, లేవలేనివాడికీ గుమ్మంలోంచి చూస్తే తేడా తెలియదు.

ఆంబులెన్సు తీయించింది. త్రిలోచనరావు అడ్డొచ్చాడు. తాను లేకుండా ఆమె రోగితో మాట్లాడటం నిబంధనలకి విరుద్ధం అన్నాడు. అయితే మీరూ రండి అంది. అలిగిన వ్యక్తిని అతని అభీష్టానికి వ్యతిరేకంగా తరలించే అధికారం తమకి లేదన్నాడు. హైమవతి ఒక్క మాటే అంది.

“ఆయన పోతే నివేదిక రాయాల్సింది మీరే కదండీ?”

రోగి మరణిస్తే రాయవలసిన నివేదికకి పన్నెండు అనుబంధాలు ఉంటాయి. ఏడో అనుబంధంలో, మరణం నివారించదగినదా, అయితే ఎవరు నివారించి ఉండవలసింది అన్న గడి ఉంటుంది. ఆ గడి పెట్టించింది త్రిలోచనరావే. ఆయన డ్రైవరు కంటే ముందు బండెక్కాడు.

జగన్నాథపురంలో కాలవ ఒడ్డున నూకరాజు ఇల్లు. గుమ్మం పక్కన ఖాళీ కొబ్బరి బొండాలు కుప్పగా పడున్నాయి. మంగాయమ్మ చేతిలో గ్లాసుతో ఎదురొచ్చింది. “నీరసంగా ఉన్నాడమ్మా. తిండి మానేశాడు. పొద్దుట్నించీ బొండం నీళ్ళే పడుతున్నాను,” అంది.

కొబ్బరి నీళ్ళ నిండా పొటాషియమే. హైమవతి గ్లాసు ఆమె చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టింది. లోపల నులక మంచం మీద నూకరాజు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

“బాబాయ్, నేను. హైమని.”

“ఆ పేరు గలోళ్ళు నాకెవరూ లేరండి.”

ఆ ‘అండి’ వినగానే హైమవతికి దెబ్బ తగిలినట్టయింది. ఆయన ఆమెని ఏనాడూ అండీ అనలేదు.

“బాబాయ్, నీ రక్తం బాలేదు. ఇప్పుడే రావాలి. బండి తెచ్చాను.”

“ముద్ర కాయితం మీద రాసిచ్చానండి. ఏమీ కాను, ఏనాడూ కాలేదు, ముందు కాబోను అని. రాయించుకున్నోళ్ళు పక్కనే ఉన్నారు గదండీ, అడగండి. ఏమీ కాని ఆడకూతురు పిలిస్తే బండెక్కెళ్ళడం మర్యాదేనాండీ?”

గోడతోనే మాట్లాడుతున్నాడు. మాట ముద్దగా వస్తోంది. హైమవతి త్రిలోచనరావు వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

“చూడండి, ఆ ప్రమాణపత్రము కేవలము పరిశోధనా ప్రయోజనార్థము సేకరించబడినది. దానిని వ్యక్తిగతముగా భావించనవసరము లేదు.”

“తమరెవరండి?”

“సమాచార భద్రతాధికారిని.”

“అది ఉద్యోగం. తమరెవరండి అంటన్నాను. మాకేమవుతారు?”

“నేను మీకు… ఏమీ కాను.”

“ఏమీ కానోడు నా ఇంట్లోకొచ్చి, నా కూతురి ఊసు నాకు చెప్తాడేంటండీ?”

నా కూతురు అన్నాడు. హైమవతి విన్నది. నూకరాజు కూడా తన మాట తనే విని, పట్టుబడ్డట్టు మూతి బిగించుకున్నాడు. కోపంగా ఇటు తిరగాలని చెయ్యి మంచం పట్టెకి వేశాడు. చెయ్యి పట్టెని పట్టుకోలేదు. జారి కిందికి వేలాడింది. ఇంకోసారి ఎత్తబోయాడు. లేవలేదు. ఆ చెయ్యి వైపు ఆయనే ఆశ్చర్యంగా చూసుకున్నాడు.

త్రిలోచనరావు అంతకాలంగా కొన్ని వేలమంది రోగుల్ని కాపాడుతూ వచ్చాడు. ఎవరినీ చూడలేదు. వాళ్ళంతా ఆయనకి గడుల్లో ఉండేవాళ్ళు. గడిలో ఎవరి చెయ్యీ ఇలా వేలాడలేదు. ఆయన నోరు తెరిచాడు. లోపలి నుంచి ఉత్తర్వు భాష రాలేదు. అమ్మ పోయాక మళ్ళీ గడప తొక్కని తమ ఊళ్ళో, చిన్నప్పుడు వాకిట్లో వినపడే భాష వచ్చింది.

“బావగారూ, తప్పైపోయింది. ఆ కాయితం చింపేస్తాను. ఆ అమ్మాయి మీ అమ్మాయే. లేవండి, వెళ్దాం.”

నూకరాజు తల తిప్పి ఆయన్ని ఎగాదిగా చూశాడు.

“ఆ మాటకి ఇంతసేపేంటి బావా?” అన్నాడు. తర్వాత హైమవతి వైపు తిరిగి, నెమ్మదిగా, “అలక పోయింది గానీ కాళ్ళు రావట్లేదమ్మాయ్,” అన్నాడు.

హైమవతి తలవైపు, మంగాయమ్మ నడుం దగ్గర, త్రిలోచనరావు కాళ్ళవైపు పట్టుకున్నారు. సన్నపు మనిషి, ఆయాసపడిపోయాడు గాని వదల్లేదు. ఆంబులెన్సులో నూకరాజు కళ్ళు మూతలు పడుతుంటే, నిద్రపోనివ్వకుండా మాట్లాడించమని హైమవతి చెప్పింది. ఏం మాట్లాడాలో త్రిలోచనరావుకి తెలియలేదు. ఆ అవసరం రాలేదు. బావ వరస వాడు చేతికి దొరికాక నూకరాజు ప్రాణం పోతున్నా ఊరుకునే మనిషి కాడు.

“ఇంత బక్కగా ఉన్నావేంటి బావా? మా చెల్లెలు కూడు పెట్టట్లేదా?” అన్నాడు మూతపడ్డ కళ్ళతోనే. కాసేపాగి, “ఆ సంచీకి తాళమేంటి? అందులో మా చెల్లెలి నగలున్నాయా?” అన్నాడు. త్రిలోచనరావు అన్నిటికీ బుద్ధిగా సమాధానం చెప్పాడు. కాఫీలోకి పంచదార ఎంతో కూడా చెప్పాడు.

అత్యవసర విభాగంలో పేరిశాస్త్రిగారు సిద్ధంగా ఉన్నారు. గుండె గీతలు తీసి చూస్తే అవి చిన్నపిల్లవాడు గీసిన కొండల్లా ఉన్నాయి. సిరంజితో కాల్షియం ఎక్కించారు, గ్లూకోజు పెట్టారు. గీతలు మెల్లగా దారికొచ్చాయి. వరండాలో ఉన్న పదిమంది బాబాయిలకీ ఆ మాట ఆయనే వచ్చి చెప్పారు. గొలుసు బాబాయ్ గొలుసు కింద పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు.

ఈలోగా రోగుల వివరాలు రాసుకునే బల్ల దగ్గర అమ్మాయి త్రిలోచనరావుని ఆపింది. రోగిని తీసుకొచ్చినవారు రోగికి ఏమవుతారో రాయాలంది. ఆయన ఏమీ కాను అని రాయబోయాడు. ఏమీ కానివారైతే పోలీసులకి చెప్పాలండి, అంది ఆ అమ్మాయి. ఆయన కలం మళ్ళీ కాగితం మీద పెట్టాడు. బావ అని రాసి సంతకం పెట్టాడు.

పెట్టాక అర్థమైంది. తనిఖీ అధికారికి రోగితో బంధుత్వం ఉంటే ఆ తనిఖీ చెల్లదు. ఆ నిబంధన కూడా ఆయనదే. ఏ పనీ సగంలో వదిలే అలవాటు లేదు కాబట్టి ఆ సాయంత్రమే తన మీద తనే హైదరాబాదుకి ఫిర్యాదు రాసుకున్నాడు. తనిఖీ రద్దయింది. తనిఖీలో పడిన తాళం ఊడిపోయింది. కొత్త బిళ్ళ నూకరాజుకి మాన్పించారు. పరిశోధనలో ఆ బిళ్ళకి ఇది చాలా ముఖ్యమైన ఫలితమని, జాగ్రత్తగా నమోదు చెయ్యమని కంపెనీ రాసింది. ఎవరికి మాన్పించారో మాత్రం రాయవద్దంది.

వారం తిరక్కుండానే ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఒక సమాచార భద్రతాధికారి కాకినాడలో రోగికి బావ ఎలా అయ్యాడో విచారించడానికి పై అధికారిణి ఒకరు బయల్దేరుతున్నారట. హైమవతి ఆ సంగతి నూకరాజు మంచం పక్కన కూర్చుని చదివి వినిపించింది. ఆయన దిండుకి ఆనుకుని విన్నాడు. పక్క కుర్చీలో త్రిలోచనరావు ఆయన కోసం బత్తాయి ఒలవబోయి, అందులోనూ పొటాషియం ఉంటుందని గుర్తొచ్చి, తనే తింటున్నాడు.

“ఆవిడకి వయసెంతుంటుందమ్మాయ్?” అన్నాడు నూకరాజు.

వయసు చెప్పడం గోప్యతా నిబంధనలకి విరుద్ధం బాబాయ్, అంది హైమవతి.

నూకరాజు దిండు సర్దుకున్నాడు.

“అయితే వదినగారూ అందాం. మర్యాదగా ఉంటుంది.”